పగిలితే ఎవరి మీద పడుతుంది? తిరుపతి ఇళ్లకు గాజు ఎంపిక

ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు ఏది, కమ్మీలు ఏవి అని నెలల తరబడి విచారిస్తాం. గాజు దగ్గరికొచ్చేసరికి గృహప్రవేశం ముహూర్తం నెత్తి మీదికొచ్చి ఉంటుంది. అంగట్లో "సాదా వేయమంటారా, టఫెన్డా, రంగుదా?" అని అడిగితే పక్కింటివాళ్లు ఏం వేశారో గుర్తు చేసుకుని అదే చెప్పేస్తాం. రేటు అడుగుతాం, రంగు చూస్తాం, అంతే.

నా లెక్కలో రంగూ రేటూ తర్వాతి మాటలు. పగలని గాజంటూ లేదు. పగిలే తీరులోనే ఒకదానికీ ఇంకోదానికీ తేడా. అందుకే ఇంట్లో ఏ తావుకి గాజు కొంటున్నా, కిటికీ కానీ, పొయ్యి కానీ, మిద్దె మీద సోలార్ హీటరు కానీ, ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పగిలితే ముక్కలు ఎవరి మీద పడతాయి? దానికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

సాదా, టఫెన్డ్, లామినేటెడ్

అంగట్లో దొరికే పలక గాజంతా దాదాపు ఒకే సరుకు. అందులో 70 శాతానికి పైగా సిలికా, అంటే ఇసుక. మిగతాది సోడా, సున్నం. గూడూరు వైపు చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లటి ఇసుక గాజు తయారీకి పనికొచ్చేదే. ఆ మిశ్రమాన్ని 1,500 డిగ్రీల పైన కరిగించి, కరిగిన తగరం మీద తేలేలా పారిస్తే రెండు వైపులా చదునైన పలక వస్తుంది. ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ఈ పద్ధతిని ప్రకటించింది. బిల్లు మీద 'ఫ్లోట్' అని రాసేది దీన్నే. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులోనే సెయింట్ గోబెయిన్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మన వైపుకి ఈ సరుకు మరీ దూరం నుంచి రావాల్సిన పని లేదు.

ఈ పలకను ఉన్నదున్నట్టు వాడితే అది సాదా గాజు. చవక. అంగట్లోనే కొలత పెట్టి కోసిస్తారు, ఆ పూటే బిగించుకోవచ్చు. పగిలితే మాత్రం పొడవాటి, మొనదేలిన ముక్కలవుతుంది. చేతి నరం తెగేది, పాదంలో లోతుగా దిగేది ఇలాంటి ముక్కతోనే.

అదే పలకను 620 డిగ్రీలకు పైగా వేడిచేసి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లబరిస్తే టఫెన్డ్ గాజు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి భాగం తర్వాత చల్లారుతూ పైపొరను లోపలికి లాగి బిగబడుతుంది. ఆ బిగువు వల్లే సాదాకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ దెబ్బకు తట్టుకుంటుంది. తట్టుకోలేని దెబ్బ తగిలితే ఒక మూల చిట్లి ఊరుకోదు, పలక మొత్తం ఒకేసారి కలకండ పలుకుల్లా రాలిపోతుంది. గీరుకుపోవడం ఉంటుంది కానీ, లోతుగా కోసుకుపోయే ప్రమాదం చాలా తక్కువ.

దీనికి రెండు తిరకాసులు ఉన్నాయి. తయారయ్యాక దాన్ని కోయడం, తొలచడం కుదరదు. హ్యాండిలు రంధ్రం, కీలు కోసం గాడి, అన్నీ ముందే కొలిచి చెప్పాలి. అర అంగుళం తప్పితే ఆ పలక మూలకు పోవాల్సిందే. రెండోది, పలక మధ్యలో గుద్దినా ఓర్చుకునే ఈ గాజు అంచు మీద చిన్న రాయి తగిలితే కూలిపోవచ్చు. అందుకే మేస్త్రీలు దీన్ని సిమెంటు గచ్చు మీద నేరుగా నిలబెడుతుంటే ఆపండి, కింద చెక్కో గోనెపట్టో వేయించండి. అరుదుగా ఎవరూ ముట్టకుండానే పగిలే సందర్భాలూ ఉన్నాయి. తయారీలో లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ నలుసు కాలక్రమంలో ఉబ్బడమే దానికి ముఖ్య కారణం. పెద్ద పలకలు ఎత్తులో బిగించేట్టయితే 'హీట్ సోక్' పరీక్ష చేసినవి అడగండి. పలకలను మళ్లీ వేడిలో ఉంచి, పగిలే గుణం ఉన్నవి ఫ్యాక్టరీలోనే పగిలిపోయేలా చేసే పరీక్ష అది.

మూడోది లామినేటెడ్. రెండు పలకల మధ్య పీవీబీ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర పెట్టి, వేడితో ఒత్తిడితో ఒకటి చేస్తారు. పగిలితే ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, పలక చోటు వదలదు. కారు ముందు అద్దం రాయి తగిలి సాలెగూడులా చీలినా రాలదు కదా, అది ఇదే. 1903లో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే రసాయనవేత్త చేతిలోంచి ఒక గాజు బుడ్డి జారిపడి చిట్లినా విడిపోలేదట. లోపల ఎండిపోయిన ద్రావణం పొరే ముక్కలను పట్టి ఉంచింది. ఈ గాజు కథ అక్కడ మొదలైంది.

లామినేటెడ్ వల్ల వచ్చే ఇతర లాభాలను అంగట్లో పెద్దగా చెప్పరు. మధ్యపొర ఎండలోని అతినీలలోహిత కిరణాలను దాదాపు 99 శాతం ఆపేస్తుంది. హాల్లో గోడకు శ్రీకాళహస్తి కలంకారీ వేలాడదీసుకున్నవాళ్లకు ఇది పనికొచ్చే మాట. మామూలు వెలుతురుకీ రంగు కొంత వెలుస్తుంది కాబట్టి పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. రైలు పట్టాల పక్కనో, మెయిన్ రోడ్డు మీదో ఇల్లుంటే శబ్దాన్నీ ఈ గాజు బాగా తగ్గిస్తుంది. అయితే స్లైడింగు రెక్కల మధ్య సందుంటే మోత అందులోంచే వస్తుంది, అప్పుడు ఏ గాజు వేసినా ఒకటే.

ఏ తావుకి ఏది

గ్రిల్లు ఉన్న మామూలు కిటికీ, చిన్న రెక్కలు: సాదా 4 లేదా 5 ఎంఎం చాలు. ఇక్కడ టఫెన్డ్ అమ్మజూపితే మొహమాటపడకుండా వద్దనండి. ఆ డబ్బు వేరే చోట కావాలి.

నేల నుంచి మొదలయ్యే పెద్ద గాజు తలుపులు, మోకాలి ఎత్తు కంటే కిందికి దిగే కిటికీలు, బాత్రూంలో షవరు పక్క అడ్డు: వీటికి టఫెన్డ్ తప్పనిసరి. ఆడుకుంటూ వచ్చి గుద్దుకునే పిల్లలు, సబ్బునీళ్లలో జారే పెద్దవాళ్లు, ముక్కలు పడేది వీళ్ల మీదే. షవరు అడ్డుకు 8 లేదా 10 ఎంఎం వేస్తారు. పెద్ద గాజు తలుపు మీద కంటి ఎత్తులో ఒక గీతో, స్టిక్కరో ఉండాలి. శుభ్రంగా తుడిచిన గాజే ఎక్కువమంది నుదుళ్లు వాయగొడుతుంది.

బాల్కనీ రెయిలింగు, డూప్లెక్సులో మెట్ల పక్క అడ్డు దగ్గర చాలామంది టఫెన్డ్ వేయించి 'సేఫ్టీ గ్లాస్ వేశాం' అని నిశ్చింతగా ఉంటారు. అది పగిలితే కోసుకోకపోవచ్చు, కానీ అడ్డే మాయమవుతుంది. దాన్ని ఆనుకుని నిలబడ్డ మనిషి సంగతి? ఇక్కడ రెండు టఫెన్డ్ పలకలను కలిపి చేసిన లామినేటెడే వేయాలి, లేదంటే మన పాత ఇనుప రెయిలింగే మేలు. ఖర్చు చూసి వెనకాడేవాళ్లకు నేను రెండోదే చెబుతాను.

తల మీద వచ్చే గాజు, అంటే హాల్లో వెలుతురు కోసం మిద్దెకు వేసే పలక, పోర్టికో మీద గాజు కప్పు, వీటికి లామినేటెడ్ తప్ప వేరే మాట లేదు. టఫెన్డ్ పలుకులు చిన్నవే అయినా, పది అడుగుల ఎత్తు నుంచి గుత్తులుగా పడితే తలకు దెబ్బే.

బాత్రూం వెంటిలేటరుకు చిన్న చిన్న బొడిపెలుండే పిన్‌హెడ్ గాజో, ఒక వైపు గరుకు చేసిన ఫ్రాస్టెడో సరిపోతుంది. ఫ్రాస్టెడ్ అయితే గరుకు వైపు నీళ్లు పడని దిక్కుకు పెట్టించండి. ఆ గరుకు తడిస్తే గాజు కాసేపు పారదర్శకంగా మారిపోతుంది.

అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ కింద ఇళ్లవాళ్లు కోతుల కోసం మందం గాజు అడుగుతుంటారు. కోతికి గాజు పగలగొట్టే అవసరమే లేదు, గడియ వేయని స్లైడింగు రెక్కను తోసుకునే వస్తుంది. అక్కడ డబ్బు పెట్టాల్సింది గడియల మీద, బయటి గ్రిల్లు మీద.

బరువు లెక్క మరిచిపోవద్దు. చదరపు మీటరు గాజు, మందం ఒక్కో ఎంఎంకి రెండున్నర కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 5 ఎంఎం పలక 18 కిలోల పైనే. అదే లామినేటెడ్ 5+5 అయితే 37 కిలోలు. స్లైడింగు కిటికీ కింద చక్రాలు ఆ బరువు మోసేవేనా అని ఫ్రేము చేసేవాళ్లను ముందే అడగాలి.

ఎండకు రంగు గాజు వేయాలా?

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు కాబట్టి ఈ ప్రశ్న అందరిదీ. జవాబు కిటికీ ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. తిరుపతి, చిత్తూరు రెండూ భూమధ్యరేఖకు ఉత్తరంగా 13 డిగ్రీల చిల్లరలో ఉన్నాయి. అందుకే ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు. దక్షిణం కిటికీకి నడివేసవిలో నేరుగా ఎండ పడదు. ఇల్లు కాలిపోయేది పడమటి కిటికీతోనే, సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి దూరి గోడల్ని కాల్చి పోతుంది. ఇంటి చుట్టూ ఒకే రంగు గాజు వేయించడం అందానికే తప్ప చలువకు కాదు.

6 ఎంఎం సాదా గాజు తన మీద పడ్డ ఎండ వేడిలో 80 శాతానికి పైగా లోపలికి పంపుతుంది. బూడిదరంగు, గోధుమరంగు టింటెడ్ గాజయితే సుమారు 60 శాతం. కొంత తగ్గుతుంది నిజమే, కానీ అది పీల్చుకున్న వేడికి గాజే కాలి, మెల్లగా లోపలికీ వదులుతుంది. రిఫ్లెక్టివ్ గాజు ఇంకాస్త మేలు, వేడిని వెనక్కి కొడుతుంది. పగలు బయటివాళ్లకు లోపల కనిపించదని దీన్ని వేయించుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: రాత్రి లోపల లైటు వేస్తే లెక్క తిరగబడుతుంది, వీధికి ఇల్లంతా కనిపిస్తుంది. తెర ఎలాగూ కావాలి.

డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పలకల మధ్య గాలి పొర బిగించినది, ఇప్పుడు మన అపార్టుమెంట్లలోనూ అమ్ముతున్నారు. గాలి వేడి లోపలికి పాకడాన్ని అది దాదాపు సగానికి తగ్గిస్తుంది. కానీ నేరుగా పడే ఎండను రెండు సాదా పలకలు పెద్దగా ఆపలేవు. చలి దేశాల్లో లోపలి వెచ్చదనం బయటికి పోకుండా కాపాడే వస్తువది. మన దగ్గర లో-ఈ పూత, అంటే వేడిని వెనక్కి కొట్టే సన్నటి పొర, ఉన్న గాజుతో, రోజంతా ఏసీ నడిచే గదికి తీసుకుంటే అర్థముంది. కిటికీలు తెరిచి పడుకునే ఇంటికి అంత డబ్బు దండగ.

పడమటి కిటికీకి నా ఓటు గాజుకు కాదు, నీడకు. సజ్జా ఇంకో అడుగు ముందుకు లాగడం, పక్కన నిలువు అడ్డు కట్టడం, అదీ లేదంటే బయట వెదురు తెర దించుకోవడం. ఎండను గాజు తాకకముందే ఆపాలి. లోపలి తెర దాకా వచ్చిన వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే. ఉన్న సాదా గాజుకు ముదురు రంగు ఫిల్ము అంటించేవాళ్లు కాస్త జాగ్రత్త. సగం ఎండలో సగం సజ్జా నీడలో ఉన్న పలకలో వేడి తేడా ఎక్కువై, అంచు నుంచి పగులు పాకుతుంది. సాదా గాజు సుమారు 40 డిగ్రీల తేడాకే భయపడుతుంది, టఫెన్డ్ 200 దాకా ఓర్చుకుంటుంది. ముదురు రంగు వేయాల్సొస్తే టఫెన్డ్‌లో వేయండి.

అంగట్లో చూసుకోవాల్సినవి

టఫెన్డ్ అని చెప్పి సాదా అంటగడితే గుర్తుపట్టడం ఎలా? అసలుదానికి ఒక మూల చెరగని ముద్ర ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే సంఖ్య వెతకండి. ఇంట్లో ఎవరికైనా పోలరైజ్డ్ చలువ కళ్లజోడు ఉంటే దాన్ని పెట్టుకుని ఏటవాలు వెలుతురులో పలకను చూడండి. చల్లార్చిన గాలి మచ్చలు చారలుగానో చుక్కలుగానో తేలతాయి. సాదాలో అవి ఉండవు.

రేటు చదరపు అడుగు లెక్కన చెబుతారు. కొలతను పై అంకెకు సవరించి బిల్లు వేస్తారా అన్నది ముందే తేల్చుకోండి. అంచు నునుపు చేయడం, రంధ్రాలు, రవాణా, బిగింపు రేటులో కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించండి. ధరల్లో సాదా కింద, టఫెన్డ్ దానిపైన, లామినేటెడ్ ఆపైన, డబుల్ గ్లేజింగ్ అన్నిటికంటే ఎక్కువ. ఫ్రేములు గోడలో కూర్చున్నాకే టఫెన్డ్‌కి కొలతలివ్వండి, ప్లాను కాగితం చూసి ఇవ్వొద్దు.

మిద్దె మీద గాజు: గొట్టాలా, పలకా?

సోలార్ హీటర్లలో రెండు రకాలు. గాజు గొట్టాలవి ఒకటి, నల్లటి రాగి రేకు మీద టఫెన్డ్ గాజు మూసిన పలకవి ఇంకొకటి. గొట్టాలవి చవక. ఒక్కో గొట్టం నిజానికి ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) గొట్టాలు, మధ్యలో శూన్యం. ఆ శూన్యమే వేడిని పోనివ్వదు, అందుకే మబ్బు రోజుల్లోనూ నీళ్లు బాగానే కాగుతాయి. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే కాలనీల్లో ఇవే నయం. పలక రకంలో సన్నటి రాగి గొట్టాలకు సున్నం పేరుకుని దారి మూసుకుపోతుంది.

కోతుల విషయంలో లెక్క మారుతుంది. కొండ కింద మిద్దెల మీద గొట్టాల వరుస వాటికి ఆటస్థలం. ఒక్క గొట్టం పగిలినా ట్యాంకు నీళ్లన్నీ కారిపోతాయి. కోతులున్న చోట, మున్సిపల్ కొళాయి నీళ్లు వచ్చే ఇంటికి పలక రకం తీసుకోండి. గొట్టాలే కావాలంటే పైన వల బిగించండి. ఇంకొకటి, ట్యాంకు ఖాళీ అయ్యి గొట్టాలు ఎండలో కాలుతుంటే మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు వదలొద్దు. పొద్దు వాలాక నింపండి. గొట్టం అడుగున వెండిలా మెరిసే భాగం పాలలా తెల్లబడితే అందులో శూన్యం పోయిందని గుర్తు, దాన్నొక్కదాన్ని మారిస్తే చాలు.

వంటింట్లో

గ్యాసు పొయ్యి గాజుదా, స్టీలుదా? సంగటి తినే ఇంటికి స్టీలుదే. గాజు పొయ్యి మీద టఫెన్డ్ పలక ఉంటుంది, తుడవడం సులువు, చూడ్డానికి బాగుంటుంది. కానీ సంగటి కెలికేటప్పుడు గిన్నెను పట్టుకారతో అదిమి, కట్టెతో బలమంతా పెట్టి తిప్పుతాం. ఆ ఊపుకి బరువైన గిన్నె జారి పలక అంచుకు తగిలితే? పగిలేటప్పుడు మనం ముందే నిలబడి ఉంటాం, చేతిలో మరిగే సంగటితో. టీ, దోసెల వరకే వాడే ఇంటికి గాజుది ఫర్వాలేదు, కాలుతున్న పలక మీద తడిగుడ్డ వేయనంత వరకు.

ఓవెన్‌లో పెట్టే గిన్నెలకు బోరోసిలికేట్ అని రాసి ఉన్నవే కొనండి. 1880ల్లో జర్మనీలో ఒట్టో షాట్ పరిశోధనల నుంచి వచ్చిన ఈ గాజు, వేడికి వ్యాకోచించడం సాదా గాజులో మూడో వంతే. టఫెన్ చేసిన మామూలు గాజు గిన్నెలూ అదే రూపంలో అమ్ముతారు. అవి గట్టివే, కానీ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడిలో పెట్టడానికి కావు.

ఊరగాయకు గాజు సీసా, జాడీ, ప్లాస్టిక్ డబ్బా మూడింట్లో ప్లాస్టిక్‌ను ముందే పక్కన పెట్టేయొచ్చు. ఉప్పు, పులుపు, నూనె మూడూ కలిసి నెలల తరబడి నానే చోట అది వాసన పట్టేస్తుంది. ఏడాదికి సరిపడా కాయ కోసి పెట్టేవాళ్లకు జాడీ మేలు. వెలుతురు తగలదు కాబట్టి కారం రంగు నిలుస్తుంది, నూనె త్వరగా మక్కదు. రోజువారీ తీసుకునే కొంచెం గాజు సీసాలో ఉంచుకుంటే ఎంత మిగిలిందో, నూనె పైకి తేలిందో లేదో కనిపిస్తుంది. సీసాకు రేకు మూత వద్దు, ఉప్పుకి తుప్పు పడుతుంది. తిరగమోత నూనె పూర్తిగా ఆరాకే పోయండి, సాదా గాజు సీసా అడుగు ఊడొచ్చేది ఆ తొందరలోనే.

అద్దాలు, పటాలు

మొహం చూసుకునే అద్దానికి 4 లేదా 5 ఎంఎం తీసుకోండి. పలచటిది గోడకు బిగిస్తే వంగి, మొహం సాగినట్టు చూపిస్తుంది. వెనక పూసిన వెండి పూతకు తేమే శత్రువు, బాత్రూం అద్దాల అంచులు నల్లబడేది అందుకే. గోడకూ అద్దానికీ మధ్య కాస్త గాలి ఆడేలా బిగించాలి. తిరుమల ఆలయంలో డోలోత్సవం జరిగే అద్దాల మండపం చూసొచ్చి పూజగదికి చుట్టూ అద్దాలు వేయించుకుంటున్నారు కొందరు. దీపాల వెలుగు అన్ని వైపులా తిరిగి వస్తుంది, చూడముచ్చటే. దీపం సెగ తగిలే దగ్గర మాత్రం అద్దం వద్దు.

స్వామి పటం కట్టించుకుని దూరం ఊరికి బస్సులో మోసుకెళ్లేవాళ్లు గాజు బదులు అక్రిలిక్ అడగండి, బరువు సగమే, దారిలో పగలదు. ఇంట్లోనే ఉండే పటానికి గాజే మంచిది. అక్రిలిక్ తుడిచే కొద్దీ గీతలు పడి మసకబారుతుంది, దీపం సెగకు వంగుతుంది.

కొండెక్కేటప్పుడు

తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధించాక గాజు సీసాలు అమ్ముతున్నారు. కొండపైన గదిలో, బల్ల మీద పెట్టుకుని తాగడానికి అవి బాగానే ఉంటాయి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చేయొచ్చు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లకు మాత్రం స్టీలు బాటిలే చెబుతాను. అందరూ వట్టి కాళ్లతో నడిచే దారి అది. మన చేతిలోంచి జారిన సీసా ముక్క వెనక వచ్చే ముసలమ్మ పాదంలో దిగుతుంది. దారి పొడవునా తాగునీటి కొళాయిలు ఉంటాయి కాబట్టి అర లీటరుది సరిపోతుంది.